పానకాలస్వామికి ఎన్‌ఓసీ ఉందా?

మా మంగళగిరి కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమట. లోపల గంధకం కుతకుతలాడుతుంటే, అది భగ్గుమనకుండా పెద్దలు బెల్లం పానకం పోయడం మొదలుపెట్టారట. మీరు నమ్మినా నమ్మకపోయినా పానకం మాత్రం ఇవాళ్టికీ ఆగలేదు. అర్చకుడు శంఖంతో పోస్తుంటే కొండమీది పానకాలస్వామి నోట్లో గుటగుట వినిపిస్తుంది. బిందెడు తెచ్చినా చెంబెడు తెచ్చినా సగం తాగి సగం మనకే వదిలేస్తాడు. సగంతో సరిపెట్టుకుని పంపించే పెద్దమనిషి ఈ రాష్ట్రంలో ఈయనొక్కడేనని నా అనుమానం.

సర్కారు భాషలో చెప్పాలంటే ఇది 'అతి ప్రమాదకర ప్రాంగణమందు ఏర్పాటు చేయబడిన ప్రత్యేక అగ్నిమాపక వ్యవస్థ'. మరి దీనికి ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖవారి నిరభ్యంతర పత్రం, ఉందా? ఈ పాడు ప్రశ్న నాకు కొండమీద పుట్టలేదు. మొన్న దసరానాడు గుంటూరు వైపు ఒక జిన్నింగు మిల్లులో పుట్టింది.

ఆ మిల్లు గుమాస్తా నా పాత శిష్యుడు. ఆయుధపూజకి రమ్మంటే వెళ్లాను. జిన్నులకి పసుపు రాశారు. ప్రెస్సు ముందు గుమ్మడికాయ కొట్టారు. లారీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. గోడకి వేలాడే ఎర్ర సిలిండర్‌కి కూడా బంతిపూల దండ, మూడు కుంకుమ బొట్లు పడ్డాయి. దగ్గరికెళ్లి చూద్దును గదా, దాని ముల్లు పచ్చరంగు వదిలేసి ఎర్రరంగులోకి ఎప్పుడో వాలిపోయింది. మళ్లీ నింపాల్సిన తేదీ రాసిన చీటీ మీద, సరిగ్గా సంవత్సరం ఉన్న చోటే బొట్టు పెట్టారు. పక్కన కొక్కేలు నాలుగున్నాయి, బకెట్లు రెండే. ఒకదాంట్లో ఇసుక, ఆ ఇసుకలో కాలిన అగరొత్తి పుల్లలు, ఖాళీ ఖైనీ పొట్లాలు. రెండోదాంట్లో సున్నం.

"దీన్ని చివరిసారి ఎప్పుడు పరీక్షించార్రా?"

"ఏటా చూస్తామండి మాస్టారూ. పోయిన దసరాకి కూడా పూజ చేశాం."

"నిప్పంటుకుంటే?"

"101కి ఫోన్ చేస్తామండి."

"బండి వచ్చేదాకా?"

"పత్తి కదండీ..." అంటూ నీళ్లు నమిలాడు. ఆ మిల్లులో నాకు నీళ్లు కనిపించింది ఆ ఒక్కసారే.

వాడి బావమరిది ఇంకోచోట స్పిన్నింగు మిల్లులో ఫిట్టరు. పూజకి అతనూ వచ్చాడు. వాళ్ల దగ్గర పరికరం ఉంది. బ్లోరూం గొట్టంలో పత్తి గాలికి కొట్టుకుపోతుంటే, అందులో నిప్పురవ్వ కనపడగానే రెప్పపాటులో తలుపు తిరిగి ఆ పత్తిని పక్కనున్న పెట్టెలోకి తోసేస్తుంది. లైను ఆగిపోతుంది. రాయో మేకో మిషన్‌కి తగిలి పుట్టిన రవ్వ చూడ్డానికి ఆవగింజంత. పత్తి బేలు కడుపులో దూరిందంటే చప్పుడు లేకుండా రాజుకుంటూ కూర్చుని, గోడౌన్‌కి తాళం వేసి అందరూ ఇంటికెళ్లాక లేస్తుంది. అలాంటిదానికి ఇది బంగారం లాంటి ఏర్పాటు.

"మా దాంట్లో అది నడవట్లేదండి" అన్నాడు కుర్రాడు.

"ఏం, చెడిపోయిందా?"

"లేదండి, శుభ్రంగా పనిచేస్తోంది. మాటిమాటికీ లైను ఆపేస్తోందని మేమే దాన్ని ఆపేశాం."

ఇందులో కొత్తేమీ లేదు లెండి. 1984లో భోపాల్‌లో మాత్రం ఏం తక్కువైంది? విషవాయువుని కడిగే స్క్రబ్బర్ ఉంది, కాల్చేసే గొట్టం ఉంది, ట్యాంకుని చల్లబరిచే యంత్రం ఉంది, నీటితెర ఉంది. చల్లబరిచే యంత్రాన్ని నెలల ముందే ఆపేశారు. కాల్చే గొట్టం మరమ్మతులో ఊడి ఉంది. స్క్రబ్బర్ ఆ వేళకి నడవడం లేదు. నీటితెర మాత్రం పాపం శక్తికొద్దీ ఎగిరింది. గ్యాసు దానికి అందనంత ఎత్తు నుంచి ఊరి మీదికి పోయింది. కొనుగోలు రసీదులకి మాత్రం ఏ లోటూ లేదు.

తమాషా ఏమిటంటే, మంటని తనే పసిగట్టి నీళ్లు చల్లే స్ప్రింక్లర్‌ని సాకి పెద్దచేసింది పత్తి మిల్లులే. అమెరికాలో రోడ్ ఐలండ్ మిల్లు యజమాని జకరయా ఆలెన్ అని ఒకాయన, నా మిల్లులో నిప్పు భయం తగ్గించుకున్నాను కదా, ప్రీమియం తగ్గించండని బీమావాళ్లని అడిగాడు. వాళ్లు కుదరదన్నారు. 1835లో తోటి మిల్లులవాళ్లని కూడగట్టి సొంత బీమా సంఘమే పెట్టేశాడు. 1874లో హెన్రీ పార్మలీ తన పియానోల ఫ్యాక్టరీకి స్ప్రింక్లర్లు బిగించుకున్నాడు. ఫ్రెడరిక్ గ్రిన్నెల్ వాటిని మెరుగుపరిచాక అవి న్యూ ఇంగ్లండ్ పత్తి మిల్లుల కప్పుల నిండా పాకాయి. వాళ్లేమీ ధర్మరాజులు కారు. కాలితే పోయేది తమ సొమ్మేనని తెలిసిన షావుకార్లు. మనదగ్గర ఆ భయం కూడా లేదు. సరుక్కి బీమా ఉంటుంది, కూలీకి కాంట్రాక్టరు ఉంటాడు.

పైగా మనకి తెలిసిన మందు ఒక్కటే, ఆ ఎర్ర సిలిండర్. తలనొప్పికీ కడుపునొప్పికీ జలుబుకీ జిందా తిలిస్మాత్ అన్నట్టు ఏ మంటకైనా అదే. నిప్పుకి కులగోత్రాలున్నాయి మహాప్రభో! చాలా సాల్వెంట్ల మంట మీద నీళ్లు కొడితే, ఆ సాల్వెంటు నీళ్లమీద తేలుకుంటూ పక్కషెడ్డుకి చుట్టపుచూపుగా పోతుంది. దానికి నురగ కావాలి. అదే నీళ్లలో కలిసిపోయే ఆల్కహాలు జాతిదైతే మామూలు నురగని మింగేస్తుంది, దానికి వేరే నురగ. సోడియానికి నీళ్లు చూపిస్తే నీళ్లతోనే పేలుతుంది. కరెంటు గదికి కార్బన్ డయాక్సైడు మంచిదే. గదంతా నింపితే మాత్రం దానికి మంటా మనిషీ ఒకటే, ఇద్దర్నీ ఆర్పేస్తుంది. ముందు గంట కొట్టి మనుషుల్ని బయటికి పంపాలి. పొడి పేరుకున్న చోట పైపు పెట్టి జోరుగా కొట్టారో, ఆ పొడి గాల్లోకి లేచి షెడ్డంతా బాంబవుతుంది. అలాంటి చోట ఒత్తిడి పెరగడం పసిగట్టి, కన్ను ఆర్పేలోగా వంటసోడా జాతి పొడి చిమ్మి పేలుడుని మొగ్గలోనే తుంచే పరికరాలున్నాయి. ఇక మా గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి టిక్కీలు అంటుకుంటే అదొక ప్రత్యేక నరకం. థర్మోకోల్ గోడలు, అమ్మోనియా గొట్టాలు, వాటికి తోడు కారం పొగ. ముసుగు లేకుండా అడుగుపెట్టిన ఫైర్‌మన్ మంటని చూడకముందే కళ్లు మూసుకుంటాడు. వీటన్నిటికీ కలిపి మనదగ్గర ఒక సిలిండర్, ఒక నిమ్మకాయ.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా కంపెనీలో ఒక సాల్వెంటు కారింది. మిథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్ దాని పేరు. డీప్ ఫ్రీజర్‌లో పెట్టినా అంటుకునే ఆవిరి వదిలే సరుకు. పై అంతస్తు నుంచి కిందికి జారి, ఆవిరై, కరెంటు నిప్పు తగిలి పేలింది. 17 మంది పోయారు. ఆ సెజ్ వేసిన పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీ కేంద్ర కార్యాలయం మా మంగళగిరిలోనే, పానకాలస్వామి కొండ ఉన్న ఊళ్లోనే.

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో సిగాచీ కంపెనీ పేలింది. మందుబిళ్లల్లో కలిపే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ పొడి తయారుచేసే చోటు. సెల్యులోజ్ మనకి పరాయిదేం కాదు, పత్తి ఒళ్లంతా అదే. 54 మంది. వాళ్లలో 8 మందికి ఇంటివాళ్ల చేతిలో పెట్టడానికి ఆనవాళ్లు కూడా దొరకలేదు. పేలే పొడి సంగతి అప్పట్లో అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్‌లో ఉండేది. నిప్పు సంగతి ఆ పక్కనే, 38లో. అప్పటికి చట్టానికి 77 ఏళ్లు. వినికిడి తగ్గే వయసే.

అలాగని మనకి ఏ వ్యవస్థా లేదంటే కళ్లు పోతాయి. ఉంది. దాని పేరు ఎక్స్‌గ్రేషియా. మంట ఆరినా ఆరకపోయినా గేటు ముందు అరుపులు ఆరిపోతాయి. 2020లో విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ గ్యాసు లీకైనప్పుడు ప్రభుత్వం మనిషికి కోటి అంది. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా అక్కిరెడ్డిగూడెం పోరస్ ల్యాబ్‌లో ఆరుగురు కాలిపోతే ప్రభుత్వ ధర పాతిక లక్షలకి పడింది. పోయినవాళ్లలో నలుగురు బీహార్ కూలీలు, మార్కెట్ మందకొడిగా ఉందేమో. అచ్యుతాపురంలో మళ్లీ కోటి. పాశమైలారంలోనూ కోటి. గుంటూరు యార్డులో మిర్చి ధరా అంతే, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. 2025 ఫిబ్రవరిలో రైతు గగ్గోలు పెడితే కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలని కట్టింది. ఆ చివరి ఒక్క రూపాయిని చూడండి, ఎవరో కూర్చుని లెక్కేశారు. మనిషి దగ్గరికొచ్చేసరికి లెక్కల మాస్టారు సెలవు, ఒకటి పక్కన ఏడు సున్నాలు చుట్టేశారు.

2016లో సులభతర వాణిజ్యంలో రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి మొదటి ర్యాంకు కొట్టాయి. అప్పట్నుంచీ స్వీయ ధ్రువీకరణ అనే మాట తెగ వినిపిస్తోంది. అంటే పరీక్ష రాసినవాడే దిద్దుకుని మార్కులేసుకోవడం. నలభై ఏళ్లు పంతులుగిరీ వెలగబెట్టాను. ఈ పద్ధతి నా క్లాసులో ఉంటే ఈపాటికి మా ఊరి నిండా కలెక్టర్లే.

ఇంతకీ స్వామివారి ఎన్‌ఓసీ మాట. ఎవరైనా అధికారి ఫైలు పట్టుకుని మెట్లెక్కితే ఏం రాస్తాడో ఇప్పుడే చెప్పగలను. నిల్వ ట్యాంకు లేదు, బిందెలతో తెస్తున్నారు. ద్రవంలో బెల్లం కలిసింది, ఏ ప్రమాణంలోనూ లేదు. ప్రెషర్ గేజి లేదు, చప్పుడుని బట్టి తెలుసుకుంటామంటున్నారు. మధ్యాహ్నం దాటాక సిబ్బంది కిందికి దిగిపోతున్నారు, రాత్రి షిఫ్టు దేవతలు చూసుకుంటారని మౌఖికంగా తెలిపారు, హాజరుపట్టీ చూపలేదు. ఒక్కో గడి నింపుకుంటూ పోయి, ఆఖరి గడి దగ్గర కలం ఆపి అడుగుతాడు. "వ్యవస్థని చివరిసారి పరీక్షించిన తేదీ?"

అర్చకుడు శంఖం కడుక్కుంటూ, తల ఎత్తకుండా చెబుతాడు. "ఇప్పుడే కదండీ, మీ ముందే."