పుల్లయ్య అర్జీ

రేపు వేమవరం వెళ్లాలిరా అని యజమాని అనగానే, పనేమిటో అడక్కుండా తెల్లారేసరికి వెళ్లొచ్చేసిన పుల్లయ్యను ఇన్నాళ్లూ తెలివితక్కువవాడనుకున్నాం. తప్పయిపోయింది. సోమవారం కలెక్టరేటులో ఇచ్చిన అర్జీ ప్రయాణం చూశాక, మన జిల్లా పాలనకు మూలపురుషుడు ఆయనేనని తెలిసొచ్చింది.

మా ఊరి పెద్దాయన ఒకరికి ఎకరం ఇరవై సెంట్ల పొలం ఉంది. ఆన్‌లైన్ అడంగల్‌లో మాత్రం ఇరవై సెంట్లే. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఎకరం జారిపడింది. తోడు రమ్మంటే వెళ్లాను. ప్లాస్టిక్ కవర్లో పాస్‌బుక్కు, పాత శిస్తు రసీదులు, నాలుగు సెట్ల జిరాక్సులు, అడుగున మూడు పాత అర్జీల రసీదులు. టోకెను తీసుకుని, అర్జీ రాసేవాడి చేతిలో డబ్బులు పెట్టి, ఒంటిగంటకు పెద్దసారు ముందుకెళ్లాం. ఆయన ఓపిగ్గానే విన్నారు, ఆ మాట చెప్పుకోవాలి. వెంటనే చూడండి అని పక్కవాళ్లకు పురమాయించారు కూడా.

అక్కణ్నుంచి అర్జీ ఆర్డీవో లాగిన్‌లోకి, అటునుంచి తహసీల్దారు లాగిన్‌లోకి, చివరికి వీఆర్వో చేతికి చేరింది. ఫిర్యాదు ఎవరి మీదో వారి చేతికే అన్నమాట. పన్నెండో రోజున పెద్దాయన ఫోన్ మోగింది: మీ అర్జీ పరిష్కరించబడినది. ఎండార్స్‌మెంటు తీయించి చూస్తే, అర్జీదారుడు తహసీల్దారు కార్యాలయాన్ని సంప్రదించాలని ఉంది. ఆ కార్యాలయం చుట్టూ తిరిగి చెప్పులరిగిపోయాకే కదా ఆయన కలెక్టరేటు గడప తొక్కింది!

ఈ జబ్బుకు మన సర్కార్లు కనిపెట్టిన మందు బారసాల. ఆంధ్రాలో మీకోసం అన్నారు. 2019లో స్పందన అన్నారు. 2023లో జగనన్నకు చెబుదాం అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక అది ప్రజా సమస్యల పరిష్కార వేదిక అయింది. తెలంగాణ ఏం తక్కువ తినలేదు. 2023 డిసెంబరులో ప్రగతి భవన్ ప్రజాభవన్ అయింది, అక్కడ మొదలైన ప్రజాదర్బారు పది రోజులు తిరక్కముందే ప్రజావాణి అయింది. పేరు మారిన ప్రతిసారీ పని పూర్తయింది ఫ్లెక్సీలు కొట్టేవాడొక్కడిదే.

ఇక ఈ పరిష్కారాలను చూపించుకునే అధికారుల ఉత్తమ విధానాల వర్క్‌షాపు. ఏసీ హాలు, జీడిపప్పు, తెరమీద నిండా పచ్చరంగు పులుముకున్న గుండ్రటి బొమ్మ: డిస్పోజల్ శాతం. మా పెద్దాయన ఆ బొమ్మకు చేసిన సేవ తక్కువేం కాదు. ఒక్క ఎకరం కోసం నాలుగు అర్జీలిచ్చాడు, నాలుగూ పరిష్కారాలే. మొదటిసారే ఎకరం ఎక్కించి ఉంటే ఒకటే లెక్కకొచ్చేది. పని చెయ్యకపోతే శాతం పెరిగే లెక్క ఇంకెక్కడైనా ఉందా?

అన్నీ ఇంతే అంటే కళ్లు పోతాయి. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. 2001లో హైదరాబాదులో ఈ-సేవ వచ్చి, కరెంటు బిల్లు, నీటి బిల్లు ఒకే కిటికీ దగ్గర కట్టించుకుంది. జనం దండం పెట్టారు, నేనూ పెట్టాను. కాకపోతే ఒకటి గమనించండి. ఆ రెండు చోట్లా డబ్బు మన జేబులోంచి సర్కారు ఖజానాకు వెళుతుంది. ఆ దారి ఎప్పుడూ తారురోడ్డే. అటునుంచి మనకు రావాల్సినదాని దారిలోనే గోతులన్నీ.

నాకు తెలిసిన ఒక ఉద్యోగికి ఉచిత సలహా ఒకటిచ్చాను. పరిష్కారమైంది అనే మీట అర్జీదారుడి చేతికే ఇవ్వండి, ఫిర్యాదు ఎవరి మీదో వాళ్ల లాగిన్‌కు ఆ కాగితం పంపకండి అన్నాను. ఆయన అదిరిపడ్డాడు. “అమ్మో, అలా చేస్తే డిస్పోజల్ పడిపోద్దండీ!”

పెద్దాయన నిన్న సాయంత్రం మా అరుగు మీదికొచ్చి, ఫోన్ తీసి ఆ సందేశం మళ్లీ చదివించుకున్నాడు. కాసేపు తుండుతో కళ్లజోడు తుడుచుకున్నాడు.

“బాబూ, పరిష్కరించబడినది అంటే, ఎకరం వచ్చినట్టా, అర్జీ పోయినట్టా?”