లిఫ్ట్ ఎంతో పెద్దావిడ మోకాలు చెబుతుంది

ఫోర్ బై ఫోర్ పికప్‌కి లిఫ్ట్ ఎంత, టైరు ఏ సైజు అని అడగ్గానే గ్రౌండ్ క్లియరెన్స్, అప్రోచ్ యాంగిల్ అంటూ మొదలుపెడతారు. ఆ లెక్కలు పక్కన పెట్టండి. ఇంట్లో అందరికన్నా పెద్దావిడను బండి దగ్గరికి తీసుకురండి. ఒక చేత్తో కుచ్చిళ్లు పట్టుకుని, రెండో చేత్తో హ్యాండిల్ అందుకుని, వెనక ఎవరూ తొయ్యకుండా ఆవిడ ఎక్కి కూర్చుంటే అదే మీ బండికి సరైన ఎత్తు. పైన అర అంగుళం కూడా వద్దు.

టైరు సంగతి మీ నడుము తేల్చాలి. పంక్చరయ్యేది షాపు ముందు కాదు, పొలం గట్టున చీకటి పడ్డాక. జాకీ బురదలో దిగకుండా కింద చెక్క వేసి, చక్రం ఊడదీసి, నేల మీద చతికిలబడి, గడ్డపార మొనను స్టెప్నీ కిందికి దూర్చి, రెండో కొసను పైకి లేపుతూ ఆరు స్టడ్లకూ రంధ్రాలు కలపాలి. ఒక్కరే ఇది చేయగలిగినంత బరువున్న టైరే కొనండి. 33 అంగుళాల మడ్ టైరు ఇనప రిమ్ముతో కలిపి సుమారు 40 కిలోలు తూగుతుంది. కొనేముందు షాపులోనే ఎత్తి చూడండి, మొహమాటపడకండి.

మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ సంగతే చూద్దాం. దాని 255/60 ఆర్18 టైరు వ్యాసం దాదాపు 763 మిల్లీమీటర్లు. 33 అంగుళాలదైతే 838. అంత పెద్ద టైరు వేసినా వెనక యాక్సిల్ లేచేది ఆ తేడాలో సగమే, 37 మిల్లీమీటర్లు. మీటరు 80 చూపిస్తుంటే బండి 88 దగ్గర పోతుంటుంది. బరువుతో ఘాట్ ఎక్కేటప్పుడు గేరు తగ్గించక తప్పదు.

రెండంగుళాల లిఫ్ట్ కిట్‌తో ఆ మాత్రం లాభం కూడా లేదు. అది బాడీని, ఛాసిస్‌ని లేపుతుంది కానీ వెనక డిఫరెన్షియల్ హౌసింగ్ ఎక్కడుందో అక్కడే ఉంటుంది. రాయికి తగిలేది మాత్రం అదే. ముందువైపు సీవీ జాయింట్లు ఏటవాలుగా వంగి తిరుగుతాయి, రబ్బరు బూట్లు చిట్లి గ్రీజు కారుతుంది. 50 కిలోల డీఏపీ బస్తా వెనక డోరు మీదికి ఎత్తే మనిషి భుజానికి ఆ రెండంగుళాలూ ప్రతి బస్తాకీ తెలుస్తాయి. ఆ మనిషిని అడక్కుండా కిట్ బిగించడం నా దృష్టిలో అన్యాయం. పైగా కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆధారంగా సుప్రీంకోర్టు 2019లోనే తేల్చి చెప్పింది.

మరి ఇసుకలో దిగబడితే? టైర్లలో గాలి 18 పీఎస్‌ఐకి దించండి. టైరు నేలమీద పొడవుగా పరుచుకుని పట్టు దొరుకుతుంది. స్టీరింగ్ గబుక్కున తిప్పకండి, టైరు రిమ్ము నుంచి ఊడొచ్చేస్తుంది. తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ గాలి నింపి తీరాలి. అందుకే కిట్‌కని దాచిన డబ్బులో కొంత తీసి, బ్యాటరీకి క్లిప్పులు తగిలించే చిన్న కంప్రెసర్, సరైన ప్రెషర్ గేజ్ కొని సీటు కింద పెట్టుకోండి.