డాలస్‌లో జగదల్‌పూర్ స్టేషన్ పట్టే పద్ధతులు

ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని బైలడిల్లా గనుల్లో నాన్న ఉద్యోగం, కిరండూల్‌లో బడి, విశాఖపట్నంలో ఇంజినీరింగు, అక్కణ్ణుంచి అమెరికా. జపాన్‌కి ఇనుప ఖనిజం పంపడానికని 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను పుణ్యమా అని ఈ దారిన పోయిన తెలుగు పిల్లలు బోలెడుమంది. టెక్సాస్‌లో ఇల్లు కొనుక్కుని, ముందున్న గడ్డి కోసే మిషను కూడా కొనుక్కున్నాక, ఏ శనివారమో వాళ్లకి జగదల్‌పూర్ ఆకాశవాణి గుర్తొస్తుంది. హల్బీలో కబుర్లు, గోండీలో పాటలు, మధ్యలో ఎవరో పెద్దాయన హిందీలో వరికి తెగులు మందు చెప్పడం. చిన్నప్పుడు విసుక్కుని కట్టేసిన రేడియోనే. ఇప్పుడు వినాలి. అలాంటివారి కోసం ఈ సలహాలు. ఊరికే ఇస్తున్నాను కాబట్టి తప్పక పాటించాలి.

ముందు చేయకూడని పని ఒకటుంది. ఫోను తీయకండి. ప్రసార భారతి వారి న్యూస్‌ఆన్‌ఎయిర్ అనే యాప్‌లో ఆకాశవాణి ప్రసారాలు 240కి పైగా వరసగా పేర్చి ఉంటాయి. జగదల్‌పూర్ అన్న పేరు మీద వేలు పెడితే పలుకుతుంది. డబ్బులడగదు. ఎనభై అయిదుకి పైగా దేశాల్లో జనం అలాగే వింటున్నారని ప్రభుత్వమే చెప్పుకుంది. అంత తేలిగ్గా దొరికిపోతే మీరు అంత దూరం వెళ్లినట్టేముంది? నలుగురికి చెప్పుకోవడానికైనా కాస్త కష్టపడాలి.

కాబట్టి రేడియోతో మొదలుపెట్టండి. జగదల్‌పూర్ కేంద్రం 1977 నాటిది. మీడియం వేవ్‌లో 756 కిలోహెర్ట్జ్, వంద కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్. మీడియం వేవ్ తరంగం పగలు నేలను అంటిపెట్టుకుని పోతుంది, చీకటి పడ్డాక పైనున్న అయనావరణానికి తగిలి ఎక్కడో దూరాన దిగుతుంది. కిరండూల్ క్వార్టర్లలో విశాఖ కేంద్రం, 927 మీద, పగలంతా గరగరలాడి రాత్రి భోజనాల వేళకి గొంతు సర్దుకునేది అందుకే. ఈ సూత్రాన్ని మీరు కొంచెం సాగదీస్తే చాలు. రాత్రిపూట వెయ్యి కిలోమీటర్లు పోయేది 14 వేలు పోలేదా? కాకపోతే మీకు చీకటి పడేసరికి బస్తర్‌లో తెల్లవారుతుంది. రెండుచోట్లా ఒకేసారి చీకటి ఉండే కాసిని నిమిషాలు పట్టుకోవాలి. అమావాస్య అయితే మరీ మంచిది.

రేడియో విడిగా కొనకండి, కారులో ఉన్నది చాలు. అయితే అమెరికా కారు రేడియో పదేసి చొప్పున గెంతుతుంది: 750, ఆ తర్వాత 760. మన దేశంలో తొమ్మిదేసి చొప్పున స్టేషన్లు పంచారు: 747, 756, 765. అంటే 756 అనే అంకె మీ కారులో లేనే లేదు. ఇది కారు లోపం. షోరూముకి వెళ్లి నిలదీయండి. తొమ్మిదికీ పదికీ మార్చుకునే మీట ఉన్న ప్రయాణపు రేడియోలు బజార్లో దొరుకుతాయని ఎవడైనా తెలివైనవాడు చెబుతాడు, వాడి మాట వినకండి. రాత్రిపూట 750 మీద అట్లాంటా, 760 మీద డెట్రాయిట్ వస్తాయి. రెంటికీ నడుమ వినబడే గోలని హల్బీ అనుకుని కళ్లు మూసుకోండి. భాష మరిచిపోయి చాలా ఏళ్లయింది కదా, తేడా తెలియదు.

రేడియో లైసెన్సు సంగతి మరవద్దు. మీ తాతగారు ఏటా పోస్టాఫీసుకి వెళ్లి పుస్తకంలో స్టాంపు వేయించుకునేవారు. మన దగ్గర 1980ల మధ్యలో అది ఎత్తేశారు. అయినా మర్యాద కోసం మీ ఊరి పోస్టాఫీసులో ఓసారి అడిగి చూడండి.

వినడం కంటే చూడటం మేలనుకునేవారికి దూరదర్శన్ ఉంది. డీడీ ఫ్రీ డిష్‌కి నెలనెలా కట్టేదేమీ లేదు. ఆ ప్రసారం జీశాట్-15 అనే ఉపగ్రహం నుంచి, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం పైనుంచి దిగుతుంది. డాలస్ ఉన్నది పడమర వైపు దాదాపు 97 డిగ్రీల దగ్గర. రెండూ కలిపి చూడండి, ఉపగ్రహం మీకు దాదాపుగా భూగోళానికి అవతలి పక్కన ఉంది. కాబట్టి డిష్‌ని ఆకాశానికి తిప్పి లాభం లేదు, నేలకి తిప్పాలి. పెరట్లో గొయ్యి తవ్వి, అందులో బోర్లా పెట్టి, సిగ్నల్ వచ్చేదాకా తవ్వుతూ ఉండండి. ఇళ్ల సంఘం వాళ్లు నోటీసు పంపుతారు. ప్రజా ప్రసార సేవ అని రాసి తిప్పి పంపండి.

గొయ్యి తవ్వలేని సుకుమారులు వీపీఎన్‌కి డబ్బు కడతారు. ఇది మంచి అలవాటే. లండన్ నుంచి వచ్చే బీబీసీ ఐప్లేయర్‌ని బయటి దేశాలవాళ్లు చూడటానికి వీల్లేదు. బీబీసీ సౌండ్స్‌ని కూడా 2025 జూలైలో బయటివాళ్లకి మూసేశారు. అక్కడ ఇంటింటా లైసెన్సు రుసుము కట్టే జనం ఉన్నారు, గోడ కట్టుకున్నారు, అర్థం ఉంది. ఆకాశవాణికి గోడ లేదు. గోడ లేని ఇంట్లోకి నిచ్చెన వేసుకుని దిగితే వచ్చే తృప్తి వేరు గనక మీ ఫోను జగదల్‌పూర్‌లో ఉన్నట్టు నమ్మించే వీపీఎన్ ఒకటి కొనండి. పూర్తిగా నమ్మించాలంటే మధ్యాహ్నం రెండు గంటలు ఇంట్లో కరెంటు మీరే తీసేయాలి.

టైము సంగతి చూద్దాం. పొద్దున్న ఆరుకి అక్కడ ప్రసారం వినాలంటే డాలస్‌లో ముందురోజు సాయంత్రం ఏడున్నర. చలికాలం అయితే ఆరున్నర. అమెరికావాళ్లు ఏడాదికి రెండుసార్లు గడియారం మారుస్తారు, మనం మార్చం. మార్చి నెలలో ప్రోగ్రాం గంట తప్పిపోయిందని ఆకాశవాణి వాళ్లకి ఘాటుగా ఉత్తరం రాయండి, నవంబరులో క్షమాపణ రాయండి. ఇంట్లో గడియారాలన్నీ భారత కాలమానానికి మార్చేయడం ఇంకా సులువు. పిల్లల బడి బస్సు తప్పిపోవడం చిన్న విషయం.

ప్రసారం మొదలయ్యేటప్పుడు తంబురా శ్రుతి మీద వయొలిన్ వినిపించే ఆ ఆకాశవాణి బాణీ కట్టింది వాల్టర్ కాఫ్‌మన్ అని చెబుతారు. చెక్ దేశపు యూదు. నాజీలకి భయపడి 1934లో బొంబాయి చేరి, అక్కడి రేడియోలో పాశ్చాత్య సంగీతం చూసుకుని, చివరికి అమెరికా వెళ్లి ఇండియానా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరై ఆ బ్లూమింగ్టన్ ఊళ్లోనే 1984లో పోయాడు. మనం విని పెరిగిన పొద్దుటి పాటని ఒక కాందిశీకుడు కట్టాడన్నది నాకు ఎప్పుడు తలుచుకున్నా బాగుంటుంది. సలహా ఏమిటంటే, పై పద్ధతులేవీ పనిచేయకపోతే బ్లూమింగ్టన్ దాకా కారు నడుపుకుంటూ వెళ్లండి. డాలస్ నుంచి ఒక పగలంతా పడుతుంది.

అన్నిటికంటే గట్టి పద్ధతి అమ్మ. వాట్సాప్‌లో ఫోన్ చేసి, “అమ్మా, ఫోన్ రేడియో దగ్గర పెట్టవే” అనండి. పెడుతుంది. గోండీ పాట మొదలవుతుంది, పాట మీద అమ్మ గొంతు, “తిన్నావురా? అక్కడ చలిగా ఉందా? పక్క క్వార్టరు వాళ్లమ్మాయికి సంబంధం కుదిరింది.” పాట అయిపోతుంది. పాట వినబడలేదని విసుక్కోకండి. ఈ పద్ధతిలో ధ్వని నాణ్యత గురించి ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఇక మిగిలింది, జగదల్‌పూర్ స్టేషన్‌ని బస్తర్‌లోనే ఉండి వినడం. దీనికి నా దగ్గర ఉన్నది ఒక్కటే సలహా: అమెరికా వెళ్లిపోండి.

నవ్వులాటకి అనడం లేదు. అబూఝ్‌మాడ్ లోపలా, సుక్మా, బీజాపూర్ అడవుల్లోనూ ఫోను మోగాలంటే గుట్టెక్కాల్సిన పల్లెలు ఎన్నో ఉన్నాయి. టవర్లు వేశారు, కొన్ని తగలబెట్టారు, మళ్లీ వేస్తున్నారు. ఆ పల్లె మనిషికి 240 ప్రసారాల యాప్ ఎందుకు? డేటా అక్కర్లేనిది పాత మీడియం వేవ్ ఒక్కటే, కొండా కోనా దాటి సెల్లుల రేడియోలోకి దిగేది. దేశమంతటా ప్రసార భారతి ఆ మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లనే ఒక్కొక్కటిగా కట్టేస్తూ ఎఫ్‌.ఎం. వైపు జరుగుతోంది. ఎఫ్‌.ఎం. శ్రావ్యంగా ఉంటుంది, కాని కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. బస్తర్‌లో అడ్డు రాని కొండ ఏది?

2023 జనవరిలో కేంద్రం 2,539 కోట్ల రూపాయల పథకం ఒకటి ఒప్పుకుంది. అందులో మారుమూల, గిరిజన, సరిహద్దు ప్రాంతాలకి, మావోయిస్టుల ప్రభావం ఉన్న ప్రాంతాలకి 8 లక్షల పైచిలుకు డిష్ పెట్టెలు ఉచితం. మంచి పనే. పెట్టె ఇచ్చాక టీవీ కావాలి, టీవీకి కరెంటు కావాలి, ఆ తర్వాత చూడటానికి గోండీలో ఏదైనా ఉండాలి.

ఈ సందుల్లోంచే 2010లో సీజీనెట్ స్వర పుట్టింది. ఒక నంబరుకి మిస్డ్ కాల్ ఇస్తే అదే తిరిగి పిలుస్తుంది. బోరింగు చెడిపోయిందని, కూలి డబ్బులు రాలేదని గోండీలో చెప్పుకోవచ్చు, ఇంకొకరు చెప్పింది వినొచ్చు. ఆ తర్వాత నెట్టు లేని ఊళ్లకోసం ‘బుల్టూ రేడియో’ వచ్చింది. బుల్టూ అంటే బ్లూటూత్. ఒకరి ఫోనులోంచి ఇంకొకరి ఫోనులోకి సంతలో పాకే ప్రసారం. రెంటినీ నడిపింది ప్రభుత్వ రేడియో కాదు. వంద కిలోవాట్లున్న సంస్థకి ఈ ఆలోచన ముందే ఎందుకు రాలేదో వాళ్లనే అడగాలి.

కోంటా, భోపాలపట్నం వైపు సగం ఊళ్లలో తెలుగు నడుస్తుంది. అక్కడి దోర్లా తెగ వాళ్ల మాటలో గోండీ ఎంతో, తెలుగు ఎంతో విడదీయలేం. వాళ్లు ఏ ప్రసారం లెక్కలోకి వస్తారన్నది రాష్ట్రాల సరిహద్దుని బట్టి తేలుతోంది తప్ప వాళ్ల చెవుల్ని బట్టి కాదు. విజయవాడకి వాళ్లు ఛత్తీస్‌గఢ్ వాళ్లు, రాయ్‌పూర్‌కి తెలుగువాళ్లు.

ఈసారి సంక్రాంతికి కిరండూల్ వచ్చేటప్పుడు అమ్మకి మళ్లీ ఇంకో స్మార్ట్ ఫోను తేకండి. విశాఖలో రైలెక్కే ముందు ఒక ట్రాన్సిస్టర్ కొనండి. ఈమధ్య ఎఫ్‌.ఎం. ఒక్కటే పలికే డబ్బాలు అంటగడుతున్నారు, ముల్లు 540 నుంచి 1600 దాకా తిరుగుతోందో లేదో చూసి మరీ తీసుకోండి. సెల్లులు మాత్రం కొనడం మరవద్దు, దుకాణం వాడు వాటిని విడిగా అమ్ముతాడు.