గడ్డి కింద నేను

అమెరికాలో జార్జియా రాష్ట్రం, ఫోర్సైత్ కౌంటీ. కమింగ్ ఊరికి కొద్ది మైళ్ల దూరంలో ఒక ఇంటి వెనక, పచ్చగడ్డి కింద, ఎర్రమట్టిలో పూడి ఉన్న సెప్టిక్ ట్యాంకుని నేను. ఇనుప కడ్డీలు కట్టిన అచ్చులో కాంక్రీటు పోస్తే పుట్టాను. లారీ మీద వచ్చి గోతిలోకి దిగాను. మీద మట్టి కప్పి గడ్డి పరిచారు. అప్పటినుంచి నాకు వెలుగు కనిపించేది మూత తీసినప్పుడే. నా కడుపు 1,000 గ్యాలన్లు, అంటే దాదాపు 3,800 లీటర్లు. వంటింటి సింకు, స్నానాల గది, బట్టలుతికే మిషను, టాయిలెట్ – ఇంట్లో వాడిన నీళ్లన్నీ చివరికి చేరేది నా దగ్గరికే. కాబట్టి ఈ ఇంటి గొట్టాలకొచ్చే జబ్బుల గురించి మాట్లాడే అర్హత నాకుంది. నేను చెప్పదలచుకున్నది ఒకటే. నాలాంటి ట్యాంకు ఉన్న ఇంట్లో మురుగు ఎక్కడికీ పోదు. మీ పెరట్లోనే ఉంటుంది, మీ నేలే దాన్ని శుద్ధి చేస్తుంది. ఈ సంగతి తెలియకుండా ఇల్లు కొనుక్కుని, ఫ్లాటులో ఉన్నట్టే బతకడం వల్లే పెరుగుతున్న ఊళ్లలో ప్లంబింగ్ బాధలు చాలావరకు వస్తున్నాయి.

ఊరు పెరిగిన తీరు చూస్తే ఇలా ఎందుకు జరుగుతోందో తెలుస్తుంది. ఒకప్పుడు ఇదంతా కోళ్లఫారాలు, పశువుల బీళ్లు. తూర్పున లేక్ లానియర్, మధ్యగా అట్లాంటా వైపు పరుగెత్తే జార్జియా 400 రహదారి. 2000 జనగణనలో కౌంటీ జనాభా 98,407. 2010 నాటికి అది 1,75,511 అయింది, 2020 నాటికి 2,51,283కి చేరింది. ఇరవై ఏళ్లలో రెండున్నర రెట్లు! మంచి బళ్ల కోసం, విశాలమైన ఇళ్ల కోసం వచ్చినవాళ్లలో తెలుగువాళ్లూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. జనం వచ్చినంత వేగంగా భూమి కింద మురుగు లైన్లు రాలేవు. లైన్లు అందిన సబ్‌డివిజన్లు అందుకున్నాయి. అందని చోట, స్థలం పెద్దదిగా ఉన్న చోట, నన్ను పాతిపెట్టారు. ఇదేదో వెనకబాటుతనమని అనుకోవద్దు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క ప్రకారం ఈ దేశంలో ప్రతి ఐదిళ్లలో ఒకటికి పైగా ఇలాంటి సొంత ఏర్పాటు మీదో, కొన్ని ఇళ్లు కలిసి పెట్టుకున్న చిన్న ఏర్పాటు మీదో ఆధారపడి ఉంది. చిక్కల్లా వచ్చే మనిషి అలవాటుతోనే. హైదరాబాద్ ఫ్లాటులోనైనా, ఇక్కడి అపార్ట్‌మెంటులోనైనా డ్రైనేజీ సంగతి అసోసియేషనో, మునిసిపాలిటీయో చూసుకుంది. ఇక్కడ నీళ్ల బిల్లులో మురుగు చార్జీ కనబడకపోతే కలిసొచ్చిందనుకుంటారు. ఆ పని ఇకమీద మీదేనని ఆ బిల్లు చెప్పకనే చెబుతోంది.

నా పని తెలుగు వంటింటి మాటల్లోనే చెప్పొచ్చు. ఇంటి గొట్టం నుంచి వచ్చిన మురుగు నాలో నిలకడగా నిలబడితే మూడు పొరలవుతుంది. నూనె, కొవ్వు, సబ్బు నురగ పైకి తేలి తెట్టు కడతాయి. బరువైనవి అడుక్కి దిగి మడ్డి అవుతాయి. మధ్యలో మిగిలేది తేట. గాలి సోకని ఆ చీకట్లో బ్యాక్టీరియా మడ్డిని కొంత తిని తగ్గిస్తుంది. 1895లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ పట్నంలో డోనాల్డ్ కామెరాన్ ఇలాంటి తొట్టి కట్టి ‘సెప్టిక్ ట్యాంక్’ అన్నాడు. కుళ్లబెట్టేది అని ఆ మాటకు అర్థం. నాలో రెండు గదులున్నాయి, మధ్యలో అడ్డగోడ. తేట మాత్రమే రెండో గది చివరనున్న గొట్టం గుండా బయటికి వెళ్లాలి. అక్కడ చిల్లుల గొట్టాలు పరిచిన కాలవలుంటాయి. వాటిని వరసగా తవ్విన ఇంకుడు గుంతలనుకోండి. తేట వాటిలోంచి మెల్లగా మట్టిలోకి దిగుతుంది, మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని శుభ్రం చేస్తాయి. నిజమైన శుద్ధి జరిగేది నాలో కాదు, ఆ మట్టిలో. నేను చేసేదల్లా మడ్డీ తెట్టూ ఆ మట్టిని చేరకుండా ఆపడమే. ఇక్కడి ఎర్ర బంకమట్టి నీటిని నిదానంగా తాగుతుంది. దాని రంధ్రాలు ఒకసారి పూడుకుపోయాయంటే మళ్లీ తెరుచుకోవడం కష్టం.

ఇంట్లో బాధ మొదలైతే ముందు గొట్టాన్నే అనుమానిస్తారు. కాస్త నిలబడి చూస్తే జబ్బు ఎక్కడుందో గొట్టమే చెబుతుంది. ఒక్క సింకులోనే నీళ్లు మెల్లగా దిగుతుంటే అడ్డం ఆ సింకు దగ్గరే ఉంది. కింద యూ ఆకారంలో ఉన్న వంపులో వెంట్రుకలో, జిడ్డో పేరుకుని ఉంటుంది. దాన్ని విప్పి కడిగితే సరిపోతుంది. ఎవరూ వాడని బేస్‌మెంటు స్నానాల గదిలో కుళ్లు కంపు కొడుతుంటే, చాలాసార్లు ఆ వంపులో నిలవాల్సిన నీళ్లు ఆరిపోయి వాయువు పైకి వస్తోందన్నమాట. చెంబెడు నీళ్లు పోస్తే వాసన ఆగుతుంది. కానీ పైన బట్టల మిషను నీళ్లు వదిలినప్పుడు కింద బేస్‌మెంటు షవరు రంధ్రంలోంచి మురికినీళ్లు పైకి పొంగితే? టాయిలెట్ ఫ్లష్ చేస్తే పక్క సింకులో బుడబుడమని చప్పుడొస్తే? ఇంట్లో అన్నీ ఒకేసారి మందగిస్తే? అప్పుడు అడ్డం ఇంటి ప్రధాన గొట్టంలోనో, నాలోనో, నా తర్వాతి కాలవల్లోనో ఉంది. అలాంటప్పుడు ఘాటు రసాయనం సీసాలు తెచ్చి సింకులో పోయడం వృథా. ఆ రసాయనం అసలు అడ్డాన్ని కరిగించదు సరికదా, ఎక్కువ మోతాదులో వస్తే నాలో పనిచేసే జీవాల్ని చంపుతుంది. ప్లంబరు పొడుగాటి తీగ పెట్టి గొట్టం తెరిచి వెళ్లొచ్చు. కానీ నేను నిండి ఉన్నంతకాలం కొన్నాళ్లకే అదే బాధ తిరిగొస్తుంది.

నాలోకి ఏం వస్తోందన్నది వంటింట్లో తేలుతుంది. పల్లెటూళ్లో పెరట్లో కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం అందులో పడి గేదెకు మేతయ్యేవి. జలదారిలోకి పోయేది ఉత్త నీళ్లే. ఇక్కడ ఆ తొట్టి స్థానంలో సింకు కింద గార్బేజ్ డిస్పోజల్ వచ్చింది. గేదె మాత్రం రాలేదు. కరివేపాకు రెమ్మలు, మునక్కాయ పిప్పి, చింతపండు పిప్పి, ఉబ్బిన మెతుకులు మెత్తగా నలిగి నా మీదికే వస్తాయి. అంత సన్నగా నలిగినవి త్వరగా అడుక్కీ దిగవు, పైకీ తేలవు. తేటతో కలిసి రెండో గదిలోకి, అక్కడినుంచి కాలవల్లోకి పోతాయి. నూనె సంగతి మరీ మోసం. మూకుడు కడిగిన వేడినీళ్లలో నెయ్యి పల్చగానే దిగుతుంది, భూమిలోని చల్లటి గొట్టం తగలగానే గడ్డకట్టి లోపలి గోడకు తెల్లటి వలయంలా అంటుకుంటుంది. మన వంటను తప్పుపడుతున్నానని కొందరికి అనిపించవచ్చు. టర్కీ కోడి కొవ్వైనా, బేకన్ కొవ్వైనా నా గొట్టంలో గడ్డకట్టేది ఇలాగే. వండుకునేదేదైనా వండుకోండి. గిన్నెను కడిగేముందు కాగితంతో తుడిచి, కాగిన నూనెను డబ్బాలో పోసి, పిప్పిని చెత్తబుట్టలోకో ఎరువు గుంటలోకో వేయమనే నేను అడిగేది. కుడితి తొట్టి నేర్పిన క్రమశిక్షణ అదే.

ఎంత నీరు వస్తోందన్నది రెండో సంగతి. ఇక్కడ కొంచెం లెక్క కావాలి. ఒక్కో మనిషి ఇంట్లో రోజుకు దాదాపు 70 గ్యాలన్లు వాడతాడని పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. నలుగురుంటే 280. ఆ వేగంతో నా 1,000 గ్యాలన్లలో నీరు మూడు రోజులకు పైగా నిలుస్తుంది, పొరలు చక్కగా విడిపోతాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలకు వస్తే ఆరుగురు, 420 గ్యాలన్లు. ఒక్క టాయిలెట్ లోపల కారుతుంటే రోజుకు 200 గ్యాలన్ల దాకా వృథా కావచ్చని అదే సంస్థ హెచ్చరిక. కలిపితే 620. మడ్డీ తెట్టూ కలిసి నాలో మూడోవంతు ఆక్రమించుకుని ఉంటే మిగిలిన చోటు 670 గ్యాలన్లే. అంటే నీరు నాలో నిలిచేది ఒక్క రోజు. దానికితోడు వారం బట్టలన్నీ శనివారం ఒక్కపూటే ఉతికినా, వ్రతానికి నలభైమంది వచ్చి వెళ్లినా, తేరుకునే సమయం లేని మడ్డి నీటితోపాటు బయటికి కొట్టుకుపోతుంది. అందుకే పెద్దవాళ్ల రాకపోకలు మానుకోమనను, బట్టలు నాలుగు రోజులకు పంచి ఉతకమంటాను. టాయిలెట్ వెనక తొట్టిలో రెండు చుక్కలు మిఠాయి రంగు వేసి, పది నిమిషాలు ఫ్లష్ చేయకుండా చూడమంటాను. కింద గిన్నెలో రంగు కనబడితే కారుతున్నట్టే. కాలవల మీద కారు నిలపొద్దు, కప్పు మీది వాననీటి గొట్టం అటు తిప్పొద్దు, చెట్లు నాటొద్దు.

‘పదిహేనేళ్లుగా మూత తీయలేదు, ఏమీ కాలేదు కదా’ అన్నది నేను తరచూ ఎదుర్కొనే వాదన. అది నిజం కావచ్చు, కానీ దాన్ని సాక్ష్యంగా తీసుకోలేం. మట్టి రంధ్రాలు పూడుకునేటప్పుడు చప్పుడు రాదు. సగం కాలవలు చచ్చినా మిగతా సగం మోస్తాయి. బయటికి తెలిసేసరికి గడ్డి మీద తడి మరకలూ, కంపూ వస్తాయి. అప్పుడు నన్ను ఖాళీ చేస్తే నాలుగు రోజులు ఊరటే తప్ప, పూడిన మట్టి తిరిగి తెరుచుకోదు. రెండో వాదన, అంగట్లో అమ్మే పొడులు నెలనెలా వేస్తే పంపింగ్ అక్కర్లేదని. నాకు కావలసిన బ్యాక్టీరియా ఇంటి మురుగుతోనే వస్తుంది, పొడి కొననక్కర్లేదు. ఎంత బ్యాక్టీరియా ఉన్నా ఇసుక, దారప్పోగులు, కుళ్లనివి అడుగునే ఉంటాయి. ‘ఫ్లష్ చేయవచ్చు’ అని అట్ట మీద రాసి ఉన్న తడి గుడ్డలూ అంతే. వాటిని తీసేది వాక్యూమ్ లారీ గొట్టం ఒక్కటే. మూడేళ్లకోసారి తనిఖీ, మూడు నుంచి ఐదేళ్లకోసారి పంపింగ్ అన్నది పర్యావరణ పరిరక్షణ సంస్థ సలహా. ఒక్కోసారికి అది చూపిన ఖర్చు 250 నుంచి 500 డాలర్లు. పాడైన ఏర్పాటును బాగు చేయడానికో మార్చడానికో 5,000 నుంచి 15,000 డాలర్ల దాకా అవుతుందని చెప్పింది. ధరలు మారుతుంటాయి గానీ ఈ రెంటి మధ్య తేడా ఎంతో ఆ అంకెలే చెబుతున్నాయి.

అన్నిటికంటే బలమైన వాదన వేరే ఉంది. ఇంత పన్ను కడుతున్నప్పుడు మురుగు లైను వేయించాల్సింది కౌంటీ కదా, మా నెత్తిన ఎందుకు? ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్న చోట ఈ కోరిక న్యాయమే. అక్కడ లైను రావాలి, దానికోసం జనం అడగాలి. కానీ ఎకరాల్లో చెదిరిన ఇళ్లకు, గుట్టలూ పల్లాలూ ఉన్న ఈ నేలలో మైళ్ల కొద్దీ తవ్వి గొట్టం వేస్తే ఆ ఖర్చూ ఇళ్లవాళ్ల మీదే పడుతుంది. పర్యావరణ పరిరక్షణ సంస్థ 1997లో అమెరికా కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలో, సరిగా చూసుకుంటే ఇలాంటి విడి ఏర్పాట్లు ప్రజారోగ్యాన్నీ, నీటినీ చాలాకాలం కాపాడగలవని, ఖర్చూ కలిసొస్తుందని తేల్చింది. ‘సరిగా చూసుకుంటే’ అన్న షరతులోనే అంతా ఉంది. ఇది ఒక్క పెరటి వ్యవహారం కూడా కాదు. ఈ కౌంటీ తాగే నీరు లేక్ లానియర్‌ది. ఇక్కడి మట్టి తాగలేక వదిలేసిన మురుగు వాగుల వెంట అటు చేరవచ్చు. తెలుగునాట వరంగల్ నగరపాలక సంస్థ 2016లో సెప్టిక్ ట్యాంకుల కట్టుబడికి, ఖాళీ చేయడానికి, మడ్డి తరలింపుకు నిబంధనలు తెచ్చింది. గడప లోపలి తొట్టి ఊరందరి ఆరోగ్యంతో ముడిపడి ఉందని గుర్తించడమది. ప్రభుత్వం బాధ్యతా, ఇంటివాళ్ల బాధ్యతా ఒకదానికొకటి పోటీ కావు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఎంత అవసరమొచ్చినా నాలోకి ఎవరూ దిగకూడదు. నాలో పుట్టే వాయువులు నిమిషాల్లో ప్రాణం తీస్తాయి. ట్యాంకుల్లోకి దిగి చనిపోయిన కార్మికుల వార్తలు తెలుగు పాఠకులకు కొత్త కావు. రక్షణ లేకుండా మనుషుల్ని దింపడాన్ని భారతదేశం 2013 చట్టంతో నిషేధించింది కూడా. పగిలిన మూత మీద పిల్లలు ఆడుకోవడం అంతే ప్రమాదం. మూత బిగువుగా ఉందో లేదో చూడటం ఇంటి తలుపు గడియ చూసుకోవడం లాంటి పని. ఇల్లు కొనేటప్పుడు గ్రానైటు గట్టునూ, చెక్క నేలనూ తడిమి చూసినట్టే నా గురించీ అడగండి. ఎన్ని పడకగదులకు అనుమతి ఇచ్చారు, చివరిసారి ఎప్పుడు ఖాళీ చేయించారు, కాలవలు ఏ వైపున్నాయి అని. కౌంటీ పర్యావరణ ఆరోగ్య విభాగంలో నా పటం ఉందేమో కనుక్కోండి. ఆ పటం నకలు తీసి, పంపింగ్ చేయించిన తేదీ దాని మీద రాసి, గరాజులో కరెంటు పెట్టె తలుపు లోపల అతికించండి. మీరు ఇల్లు అమ్మి వెళ్లిపోయినా నేనిక్కడే ఉంటాను. తర్వాత వచ్చేవాళ్లకు నా సంగతి చెప్పేది ఆ కాగితమే.