డాబా మీద శూన్యవాదం

తెలుగు నేల మీద శూన్యవాదం అనగానే ఇంతకాలం నాగార్జునుడి పేరు స్ఫురించేది. ఇప్పుడు ఆ పీఠాన్ని డాబాల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే ఏజెంటు అధిష్ఠించాడు. పాత ఆచార్యుడు తన సిద్ధాంతాన్ని నిలబెట్టుకోవడానికి కారికలు రాయవలసి వచ్చింది గానీ, కొత్త ఆచార్యుడికి రంగుల కరపత్రం ఒకటి, కాలిక్యులేటర్ ఒకటి ఉంటే చాలు: కరెంటు బిల్లు సున్నా, మూడేళ్లలో పెట్టుబడి వాపసు, ఆపైన ఇరవై రెండేళ్లు అంతా ఉచితం. ఈ మతంలోని విశేషమేమిటంటే ఇందులో అచ్చమైన అబద్ధం చాలా తక్కువ. కొన్ని ఇళ్లకు దాదాపు నిజమైన లెక్కను అన్ని ఇళ్లకూ పూర్తిగా నిజమని ఒప్పించడంలోనే దాని నేర్పంతా ఉంది. కనుక దీనిని ఖండించదలచినవారు సూర్యుడితో తగాదా పడనక్కర లేదు, ఆయన పేరు మీద చెలామణీ అవుతున్న గణితాన్ని మాత్రం పరీక్షించవలసి ఉంటుంది.

ఈ మతానికి రాజాశ్రయం కూడా లభించింది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన, 75,021 కోట్ల రూపాయల వ్యయంతో కోటి ఇళ్ల కప్పుల మీద ప్యానెళ్లు పెట్టించాలని సంకల్పించింది; మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 చొప్పున, మూడో కిలోవాట్‌కు 18,000, మొత్తం మీద 78,000 రూపాయలకు మించకుండా సబ్సిడీ ఇస్తుంది. మూడు కిలోవాట్ల ఏర్పాటుకు రెండు లక్షలు అవుతుందనుకుంటే సబ్సిడీ పోగా లక్షా ఇరవై వేల పైచిలుకు ఇంటి యజమానే కట్టాలి. ఇంత సొమ్ము ముందుగా చెల్లించి పొందేదానికి ‘ముఫ్త్’ అని, అంటే ఉచితమని, పేరు పెట్టగల ధైర్యం పథకాల రచయితలకే చెల్లుతుంది. నెలకు 300 యూనిట్ల దాకా ఉచితమన్న వాగ్దానంలో ‘దాకా’ అన్న మాట మోస్తున్న బరువు ఆ డాబా మీది ఇనుప చట్రం కూడా మోయదు.

ఈ శాస్త్రంలోని మొదటి సూత్రం: ప్యానెల్ పుట్టించే ప్రతి యూనిట్ ధరా బిల్లులో కనిపించే అత్యధిక ధరే. దీనిని పరీక్షించడానికి ముందు రెండు విషయాలు తెలిసి ఉండాలి. ఒక కిలోవాట్ సామర్థ్యం గల ప్యానెళ్లు సుమారు వంద చదరపు అడుగుల నీడ లేని జాగా తీసుకుని, తెలుగు ప్రాంతాల ఎండలో ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్లు, నెలకు 120 యూనిట్ల వరకు ఇస్తాయి. రెండోది, ఇళ్ల కరెంటు ధర శ్లాబుల మీద నడుస్తుంది, అంటే వాడకం పెరిగే కొద్దీ పై యూనిట్ల రేటు పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆ పైన 9.75.

నెలకు 400 యూనిట్లు కాల్చే ఇంటికి ఈ లెక్కన, స్థిర ఛార్జీలూ సర్దుబాటు ఛార్జీలూ పక్కన పెడితే, 2,548 రూపాయలు అవుతుంది. ఆ ఇంటి మీద మూడు కిలోవాట్లు పెడితే నెలకు 360 యూనిట్లు తగ్గుతాయి గనుక, శూన్యవాది 360ని 8.75తో గుణించి నెలకు 3,150 రూపాయల ఆదా చూపిస్తాడు. మొత్తం బిల్లు 2,548 అయిన ఇంట్లో 3,150 ఎలా మిగులుతుందని అడిగే శిష్యుడు ఈ గురుకులంలో ఇంకా చేరలేదు. నిజానికి ప్యానెళ్లు బిల్లును పైనుంచి కిందికి కోస్తూ వస్తాయి: మొదటి కిలోవాట్ కోసేది 8.75 రూపాయల యూనిట్లనే కాబట్టి నెలకు 1,050 మిగులుస్తుంది, రెండోది 871, చౌక శ్లాబుల్లోకి దిగిపోయిన మూడోది 540 మాత్రమే. అంటే ఒకే కప్పు మీద, ఒకే ఎండలో, ఒకే కంపెనీ ప్యానెళ్లలో మొదటి కిలోవాట్ విలువ మూడోదానికి దాదాపు రెట్టింపు. మొత్తం ఆదా నెలకు 2,461, ఏడాదికి ఇరవై తొమ్మిదిన్నర వేలు. పెట్టుబడి తిరిగి రావడానికి నాలుగేళ్లకు కాస్త పైన పడుతుంది. ఇది చాలా మంచి ఫలితం. ఇంత మంచి నిజం చేతిలో ఉండగా దానికి మరో ఏడాది అబద్ధాన్ని జోడించడం అవసరం వల్ల కాక అలవాటు వల్ల జరుగుతున్నదని భావించాలి.

అదే కరపత్రం చిన్న ఇంటి గడప తొక్కినప్పుడే అసలు వినోదం మొదలవుతుంది. నెలకు 125 యూనిట్లు వాడే ఇంటి బిల్లు 417 రూపాయలు; సబ్సిడీ పోను 45,000 పెట్టి ఒక కిలోవాట్ పెట్టించుకుంటే నెలకు 407 మిగులుతుంది, అసలు రావడానికి తొమ్మిదేళ్లు దాటుతుంది. 75 యూనిట్లతో సరిపెట్టుకునే ఇంటి బిల్లే 192 రూపాయలు కాబట్టి, ఆ కుటుంబం తన 45,000 తిరిగి చూసుకోవడానికి ఇరవై ఏళ్ల దగ్గర పడుతుంది. ఈలోగా ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌ను కనీసం ఒకసారి కొత్తది కొనవలసి రావచ్చునన్న సంగతి కరపత్రంలో చోటు చాలక వదిలేసి ఉంటారు. తెలంగాణలో పరిస్థితి మరింత తాత్త్వికమైనది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లే వస్తున్నది. ఇప్పటికే సున్నా అయిన బిల్లును అప్పు చేసి మళ్లీ సున్నా చేసుకోమని బోధించడం శూన్యవాద చరిత్రలో కొత్త అధ్యాయమే.

రెండో సూత్రం ఎండకు సంబంధించినది: ఎంత మండితే అంత కరెంటు. రెంటచింతలలోనూ రామగుండంలోనూ మే నెల మధ్యాహ్నాన్ని నిధిగా చూపించే ఈ సూత్రానికి భౌతికశాస్త్రం అడ్డు వస్తుంది. కరెంటు పుట్టేది వెలుతురు వల్ల; వేడి దానిని తగ్గిస్తుంది. ప్యానెల్ మీద ముద్రించిన సామర్థ్యం ప్రయోగశాలలో, ప్యానెల్ లోని సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలున్నప్పుడు కొలిచినది. అక్కడి నుంచి ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి పడిపోతుంది కాబట్టి, వేసవిలో సెల్ 65 డిగ్రీలకు చేరినప్పుడు 12–16 శాతం గాలిలో కలిసిపోతుంది. దీనికి తోడు వాస్తుశాస్త్రం నైరుతిలో నిలబెట్టిన నీళ్ల ట్యాంకు, దక్షిణానికి తిరిగి కూర్చున్న ప్యానెళ్ల మీద సాయంత్రపు నీడను నియమం తప్పకుండా పరుస్తుంది. వరుసగా కలిపిన ప్యానెళ్లలో ఒకదాని మీద పడిన నీడ దాని వైశాల్యానికి మించిన నష్టం చేస్తుందని ఏజెంటుకు తెలుసు, ట్యాంకు జరపడం కుదరదని ఇంటాయనకు తెలుసు. ఇద్దరూ మర్యాదస్తులు గనుక ఆ ప్రస్తావన రాదు.

మూడో సూత్రం భావోద్వేగానికి చెందినది: సోలార్ పెట్టిన ఇంటికి కరెంటు కోత లేదు. మామూలు గ్రిడ్ అనుసంధాన వ్యవస్థలో, అంటే బ్యాటరీ లేకుండా వీధి లైనుకు కలిపిన ఏర్పాటులో, వీధిలో కరెంటు పోగానే డాబా మీది ఇన్వర్టర్ కూడా తనంతట తానే ఆగిపోతుంది. దీనిని యాంటీ ఐలాండింగ్ అంటారు. చచ్చిన లైను అనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్‌ను ఇంటి కరెంటు చంపకుండా కాపాడడానికి పెట్టిన రక్షణ ఇది, దీనిని తప్పుపట్టవలసిన పని లేదు. తప్పుపట్టవలసింది దానిని చెప్పకుండా అమ్మే సంప్రదాయాన్ని. మిట్టమధ్యాహ్నం నెత్తిన సూర్యుడు, డాబా మీద మూడు కిలోవాట్లు, లోపల ఆగిపోయిన ఫ్యాను: ఈ దృశ్యం చూశాకనే చాలా కుటుంబాలకు మతంలోని రెండో దీక్ష, అంటే బ్యాటరీ, అవసరమని బోధపడుతుంది.

బ్యాటరీని లాభసాటి పెట్టుబడిగా అమ్మడమే ఈ శాస్త్రానికి శిఖరం. నెట్ మీటరింగ్ అంటే పగలు ఇంట్లో మిగిలి లైనులోకి వెళ్లిన యూనిట్లను రాత్రి వాడుకున్న యూనిట్ల నుంచి తీసివేసి, మిగిలిన వాటికే బిల్లు వేసే పద్ధతి. ఈ పద్ధతి ఉన్నంతకాలం గ్రిడ్డే ఉచితంగా దొరికిన బ్యాటరీ. ఇంకొకటి కొనడం, ఊరి చెరువు నిండా నీళ్లుండగా ఇంట్లో గంగాళాలు కొని నింపుకోవడం వంటిది. పైగా నింపి తీసేటప్పుడు పదో వంతు దాకా కరెంటు వేడిగా పోతుంది కనుక, ఆదా సున్నా కంటే కొంచెం తక్కువ. ఇక్కడ మాత్రం శూన్యవాదం అక్షరాలా నిజమవుతుంది. సూర్యఘర్ సబ్సిడీ బ్యాటరీకి వర్తించదు కాబట్టి ఆ బరువంతా ఇంటివారిదే.

అయినా ఈ దీక్షకు విదేశాల నుంచి ఆశీస్సులు అందుతుంటాయి. కాలిఫోర్నియాలో ఉంటున్న పెదనాన్న కొడుకు తమ ఇంట్లో బ్యాటరీ పెట్టాక ఎంత మిగులుతున్నదో కుటుంబ వాట్సాప్ గ్రూపులో వివరిస్తాడు, గుంటూరులో తమ్ముడు కొటేషన్ తెప్పిస్తాడు. అన్నయ్య చెప్పిందంతా నిజమే. అక్కడి పెద్ద ప్రైవేటు విద్యుత్ కంపెనీల పరిధిలో 2023 ఏప్రిల్ 15 తర్వాత దరఖాస్తు చేసుకున్న ఇళ్లకు, గ్రిడ్‌కు ఇచ్చే కరెంటు విలువను సుమారు నాలుగో వంతుకు తగ్గించారు. సాయంత్రం కొనే కరెంటు మాత్రం ఖరీదైనదే. పగలు అమ్మే ధరకూ రాత్రి కొనే ధరకూ మధ్య అంత అగాధం ఉన్నచోట బ్యాటరీ దాన్ని పూడుస్తుంది. అగాధమే లేని గుంటూరులో అది పూడ్చగలిగింది బ్యాంకు ఖాతానే.

దీనికి ఎదురుగా మరొక పీఠం కూడా ఉన్నది: ధరలు ఇంకా తగ్గుతాయి, వచ్చే ఏడాది చూద్దామనే వాయిదా పీఠం. నెలకు రెండున్నర వేల బిల్లు కడుతూ ఏడాది ఆగినవారు ముప్ఫై వేలు వదులుకుంటున్నారు. లక్షా ఇరవై వేల వస్తువు ఒక్క ఏడాదిలో అంత చౌక కావాలంటే ధర నాలుగో వంతు పడిపోవాలి. ఈ పీఠాధిపతులు శూన్యవాదులను మోసగాళ్లని నిందిస్తూ, అంతకంటే శ్రద్ధగా తమను తామే మోసగించుకుంటున్నారు.

సిద్ధాంతం క్లుప్తమైనది. సొంత కప్పు, నీడ లేని జాగా, ఏడాది పొడవునా 200 యూనిట్లు దాటే వాడకం ఉన్న ఇంటికి ప్యానెళ్లు నిస్సందేహంగా లాభం. వాటి సామర్థ్యాన్ని పై శ్లాబులు కరిగేంతవరకే ఎంచుకుంటే మరీ లాభం. రోజూ గంటల కొద్దీ కోతలు భరించే ఊళ్లో, లేదా ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడిన మనిషి ఉన్న ఇంట్లో బ్యాటరీ అవసరం. వేళను బట్టి ధర మారే విధానం 2023 నాటి కేంద్ర నియమాల్లో రాసినట్టు ఇళ్ల దాకా నిజంగా వస్తే దాని లెక్క మళ్లీ వేసుకోవచ్చు. అప్పటి వరకు అది ఫ్రిజ్, ఏసీల సరసన నిలిచే సౌకర్యం. ఏసీ ఎన్నేళ్లకు అసలు రాబడుతుందని ఎవరూ అడగరు, ఏజెంటు కూడా చెప్పడు. సుఖానికి డబ్బు పెట్టడంలో తప్పు లేదు, దానిని ఆదాయం పద్దులో రాయించడమే తప్పు. డాబా కొలవడానికి టేపుతో వచ్చినవాడిని గత పన్నెండు నెలల బిల్లులు చూశావా అని అడిగితే, చూపించమనేవాడు వ్యాపారి, చూడనక్కర లేదనేవాడు ఆచార్యుడు; అడ్వాన్సు ఇవ్వదగినది మొదటివాడికే.