సర్వరు పదికాలాలు చల్లగా కనపడాలంటే

క్లౌడ్ సర్వర్ల సీపీయూ ఎంత కాలుతోందో డేటాబేసుకే క్వెరీ వేసి అడిగే ఉద్యోగం నాది. పన్నెండేళ్లుగా ఇదే పని. ఇన్నేళ్లలో బోధపడిందేమిటంటే, సర్వరు బాగుండటం వేరు, రిపోర్టు బాగుండటం వేరు. జీతం పెరిగేది రెండోదాన్ని బట్టే. కొత్తగా చేరిన తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం నా అనుభవసారం ఇదిగో.

1. సగటు తప్ప మరొకటి చూపొద్దు

ఐదు నిమిషాల్లో నాలుగు నిమిషాలు సీపీయూ 10 శాతం దగ్గర కునుకు తీసి, ఒక్క నిమిషం 100 శాతంతో గిలగిల్లాడిందనుకోండి. సగటు 28. ఎంత ముద్దొచ్చే అంకె! ఆ ఒక్క నిమిషంలో లాగిన్ కాలేక తిట్టుకున్నవాళ్లు అందులో ఎక్కడా కనపడరు. ఐదు నిమిషాలకే ఇంత మేలు జరిగితే, రోజు మొత్తానికి తీస్తే ఎంత మేలో మీరే ఆలోచించండి. ఊరంతా నిద్రపోయే గంటల్ని కలపడం మాత్రం మరిచిపోవద్దు. గరిష్ఠం అనే కాలమ్‌ని క్వెరీలోంచి తీసేయండి. అది చాడీలు చెప్పే రకం.

2. సెకనుకోసారి పలకరించండి

అజూర్ ఎస్‌క్యూఎల్ డేటాబేసులో 'డీఎం డీబీ రిసోర్స్ స్టాట్స్' అని ఒక వ్యూ ఉంది. అందులో 15 సెకన్లకో కొత్త వరుస పడుతుంది. మీరు సెకనుకోసారి అడగండి. పద్నాలుగుసార్లు పాత జవాబే వస్తుంది, రానివ్వండి. శ్రద్ధంటే అదే. వచ్చిన జవాబులన్నీ అదే డేటాబేసులో ఓ టేబుల్‌లో పోగేయండి, ఇండెక్స్ లేకుండా. దాన్ని డ్యాష్‌బోర్డ్ పదేపదే చదువుతుంటే, కొన్నాళ్లకు సీపీయూని తినే క్వెరీల జాబితాలో మీదే పైకొస్తుంది. ఎదుగుదలంటే ఇలా ఉండాలి.

3. తీరిగ్గా లేవండి

ఆ వ్యూలో లెక్కలు సుమారు గంటసేపే నిలుస్తాయి. కాబట్టి రాత్రి రెండింటికి సర్వరు మొరాయిస్తే కంగారు పడకండి. తొమ్మిదింటికి కాఫీ తాగి క్వెరీ వేయండి, అంతా నిమ్మళంగా ఉంటుంది. మాస్టర్ డేటాబేసులో 'రిసోర్స్ స్టాట్స్' అనే ఇంకో వ్యూ ఐదు నిమిషాలకో వరుస చొప్పున 14 రోజుల లెక్క దాచుకుంటుంది. దాని ఊసెత్తొద్దు. ఎవరైనా తవ్వి తీసినా భయం లేదు, అందులో టైము యూటీసీలో ఉంటుంది. మన రాత్రి రెండింటి గొడవ అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర కింద నమోదవుతుంది. ఐదున్నర గంటలు కలపాలని మీరు చెప్పనంతవరకూ, రెండింటికి ఏమీ జరగలేదని దేవుడి మీద ఒట్టేయొచ్చు.

4. కట్టేసిన ఎద్దుని మెచ్చుకోండి

అమెజాన్ వాళ్ల టీ2.మైక్రో సర్వరు గంటకు 6 క్రెడిట్లు సంపాదిస్తుంది. ఒక క్రెడిట్ ఖర్చుపెడితే ఒక నిమిషం పూర్తి వేగం. మామూలు పద్ధతిలో నడుపుతుంటే, క్రెడిట్లన్నీ అయిపోయాక దాన్ని 10 శాతం దగ్గర కట్టేస్తారు. గ్రాఫులో గీత 10 మీద తిన్నగా పడుకుంటుంది. యాప్ ఎంత మొత్తుకున్నా అది లేవదు. మీరు మాత్రం 'సర్వరుకి పని తక్కువ' అని రాసేయండి. క్రెడిట్ బ్యాలెన్స్ గ్రాఫు తెరవకండి, ఒకరి పాస్‌బుక్కు చూడటం మర్యాద కాదు.

5. దొంగని పట్టొద్దు, ఇల్లు పెద్దది కట్టండి

'డీఎం ఎగ్జెక్ క్వెరీ స్టాట్స్'లో వర్కర్ టైమ్ ప్రకారం వరస పెడితే సీపీయూని తినేదెవరో తేలిపోతుంది. మా దగ్గర ఓసారి తేలింది కూడా. టేబుల్‌లో ఫోన్ నంబరు వార్‌చార్, యాప్ పంపేది ఎన్‌వార్‌చార్. ఇండెక్స్ ఉండి కూడా, ఒక్క నంబరు కోసం ప్రతి వరుసనీ మార్చి పోల్చుకుంటూ మొత్తం తిరిగొచ్చేది. ఓ కుర్రాడు యాప్‌లో ఒక్క లైను మార్చాడు, పీడ విరగడైంది. వాడి పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. అదే కోర్లు రెండింతలు చేయించి ఉంటే మీటింగులుండేవి, అప్రూవల్సుండేవి, పైవాళ్లతో పరిచయాలుండేవి.

6. ఫిర్యాదుకి స్క్రీన్‌షాట్ చూపించండి

యూజర్ ఏమన్నా సరే, సగటు చూపించి నెట్ మీదకి నెట్టేయండి. మొన్న సాయంత్రం మా నాన్న ఫోన్ చేశారు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. "ఒరే, కరెంటు బిల్లు కడదామంటే ఆ గుండ్రం అరగంట నుంచి తిరుగుతూనే ఉందిరా" అన్నారు. ఆ యాప్ వెనకున్న సర్వరుకి కాపలా నేనే. డ్యాష్‌బోర్డ్ చూసి, "సర్వరు బాగానే ఉంది నాన్నా, సగటు 28 శాతమే. మనింట్లో వైఫై ఓసారి చూడండి" అన్నాను.

కాసేపు గుండ్రం తిరిగినట్టే నిశ్శబ్దం.

"నూటికి 28 అంటే తప్పినట్టేరా" అని పెట్టేశారు.