ఒక మీమ్ ఆత్మకథ

అనుకరణ ద్వారా ఒకరి నుంచి మరొకరికి పాకే సాంస్కృతిక అంశాన్ని జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ 1976లో వెలువడిన ‘ది సెల్ఫిష్ జీన్’ గ్రంథంలో మీమ్ అని పిలిచాడు. ఇప్పుడా పేరు ఫొటో మీద రెండు వరుసల వ్యాఖ్య రాసి పంచుకొనే హాస్యచిత్రానికి స్థిరపడింది. ఇక్కడ తన జీవితాన్ని చెప్పుకొంటున్నది అటువంటి చిత్రమే. ఒమన్ రాజధాని మస్కట్‌లోని రూవీ, హమ్రియా ప్రాంతాల తెలుగువారి ఫోన్లలో అది తిరుగుతున్నది. దాని శరీరం ఒక ఆఫ్రికా బాలుడి ఫొటో, దాని నోరు పెళ్లిచూపులకు వచ్చిన వరుడి రంగును ఎగతాళి చేసే తెలుగు వాక్యం. ఆ బాలుడు ఎవరో, ఏ ఊరివాడో మీమ్‌కు తెలియదు. వాట్సాప్‌లో ఫొటోగా పంపినప్పుడు చిత్రం కుదించబడి, తీసిన చోటు, తేదీ వంటి వివరాలు రాలిపోతాయి గనుక తన పుట్టుక గురించి చెప్పుకొనేందుకు దానికేమీ మిగలలేదు.

దాని బంధువర్గం పెద్దది. ఉగాండాలోని గులూ పట్టణంలో తీసిన ఫొటోలో సందేహంగా చూస్తున్న ఒక పసివాడు 2012 నుంచి పేద దేశాలన్నిటికీ ప్రతినిధిగా ప్రపంచమంతటా తిరిగాడు. తెలుగు మీమ్‌లలో అల్లరి పిల్లవాడిగా కనిపించే మరో ముఖం నిజానికి 1982లో పుట్టిన నైజీరియా నటుడు ఒసితా ఇహెమేది. నవ్వు ఆయన హావభావాల నుంచి పుడుతున్నది గనుక అది నటుడికి దక్కిన గౌరవమే, కానీ చూసేవారిలో ఎక్కువమందికి ఆయన పేరు తెలియదు. బ్రహ్మానందం ముఖంతో వచ్చే మీమ్‌ను తెలుగువాడు చూసినప్పుడు నటుడు, సినిమా, సన్నివేశం అన్నీ కలిసి గుర్తుకొస్తాయి. పేరు తెలిసిన ముఖం మనిషిగా నిలుస్తుంది, పేరు పోయిన ముఖం జాతికి నమూనాగా మారుతుంది. మూసాభిప్రాయం, అంటే ఒక సమూహంలోని వారందరినీ ఒకే అచ్చులో పోసి చూసే అలవాటు, సరిగ్గా అక్కడే మొదలవుతుంది. ముఖం మార్చి చూసినా నవ్వు నిలిస్తే అది హావభావానిది, ముఖం మార్చగానే నవ్వు చచ్చిపోతే అది చర్మానిది. ఈ మీమ్ రెండవ కోవకు చెందినది.

నలుపు హాస్యాస్పదమనే మాటను అది ఎక్కడా రాయలేదు, రాయనక్కర కూడా లేదు. తెల్లని వధువు కావాలనే పెళ్లి ప్రకటనలు, ముఖానికి నల్లరంగు పూసి నవ్వించిన సినిమా పాత్రలు, 1975 నుంచి అమ్ముడవుతూ 2020లో పేరు మాత్రం మార్చుకొన్న ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ క్రీము ఆ భావాన్ని చూసేవారి మనసులో ముందే నాటాయి, మీమ్ దానిని అరువు తెచ్చుకొంటుంది.

ఒమన్‌కు చేరాక దాని క్రూరత్వం మరింత స్పష్టమవుతుంది. 19వ శతాబ్దంలో ఒమన్ సుల్తాన్ సయ్యద్ సయీద్ తన రాజధానిని జాంజిబార్ దీవికి మార్చిన కాలంలో అక్కడి లవంగ తోటలు తూర్పు ఆఫ్రికా బానిసల శ్రమతో పెరిగాయి. జాంజిబార్ బానిసల సంత 1873లో మూతపడినా ఒమన్‌లో బానిసత్వం 1970లో సుల్తాన్ ఖాబూస్ పాలన మొదలయ్యాకనే రద్దయింది. 1964 జాంజిబార్ విప్లవం తరువాత చెల్లాచెదురైన ఒమనీ మూలాల కుటుంబాలు అనేకం ఒమన్‌కు తిరిగివచ్చి, నేటికీ ఇంట్లో స్వాహిలీ మాట్లాడుతున్నాయి. 2019లో అంతర్జాతీయ బుకర్ బహుమతి పొందిన ఒమన్ రచయిత్రి జోఖా అల్హార్తీ నవల ఆ బానిసత్వపు నీడనే చిత్రించింది. కనుక కార్మికుల క్యాంపు గదిలో పరదేశిదిగా తోచి నవ్వించిన ముఖఛాయ మరునాడు బ్యాంకు కౌంటరు వెనుకనో, పోలీసు దుస్తులలోనో ఒమన్ పౌరుడిదై ఎదురవుతుంది. తెలుగు నేలకూ ఈ చరిత్ర పరాయిది కాదు: హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ పేట నిజాం సైన్యంలోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరు మీద వెలసింది, వారి సంతతి ఆ నగరంలోనే ఉన్నది.

నవ్వినవాడు కూడా అదే అచ్చులో పడుతున్నాడు. గల్ఫ్ హాస్య కార్యక్రమాలలో తప్పుల అరబ్బీ మాట్లాడే భారతీయ నౌకరు పాతకాలపు మూసపాత్ర, అతనికీ పేరుండదు. ఆ హాస్యం నల్లవారినీ వదలలేదు: 2018 రంజాన్‌లో కువైట్ నటుల ధారావాహిక ఒకటి ముఖాలకు నల్లరంగు పూసుకొని సూడాన్ ప్రజలను అనుకరించి తీవ్ర విమర్శకు గురైంది. 2020 ఏప్రిల్‌లో ఒమన్ రాజకుటుంబీకురాలు మోనా బింత్ ఫహద్ పేరిట నకిలీ ట్విటర్ ఖాతా నుంచి వచ్చిన ట్వీట్, భారత ప్రభుత్వం ముస్లింల పట్ల తీరు మార్చుకోకుంటే ఒమన్‌లోని పది లక్షలమంది భారతీయ కార్మికులను వెళ్లగొట్టవచ్చునని బెదిరించింది. ఆమె అది తనది కాదని ప్రకటించే లోపే ఆ స్క్రీన్‌షాట్ ఎన్నో ఫోన్లు దాటింది. పంపినవారు మతం పేరిట పంపారు, కానీ అందులో కార్మికులు కేవలం ఒక అంకె.

2011 నాటి ఒమన్ సైబర్ నేరాల చట్టం ప్రజాశాంతికి భంగం కలిగించే సమాచారాన్ని తయారుచేసినవారినే కాక వ్యాప్తి చేసినవారినీ శిక్షార్హులుగా చూస్తుంది. జాతి వివక్ష నిర్మూలనకు ఉద్దేశించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో ఆ దేశం 2003లో చేరింది. చట్టం వరకూ పోని మీమ్‌ల విషయంలోనూ న్యాయం ఒకటే: ఫొటో మీద ఆ వాక్యం రాసినవాడు ఎవరో ఈ మీమ్‌కు గుర్తు లేదు గాని, దానిని ముందుకు నెట్టిన ప్రతి వేలూ ఆ వాక్యానికి సహరచయితే.